బొమ్మ లేని ముక్క

ముక్కలాటకు కూర్చున్నవాడికి
అక్షరమ్ముక్క రాదంటారు.
ఎర్మెలిందా టీచరు వసారాలో కాసేపు కూర్చుని
అప్పుడనండి.

మెక్సికో నడుము సన్నబడే చోట,
రెండు సముద్రాల మధ్య
గాలి ఎవరి జుట్టునూ దువ్వినట్టు ఉండనివ్వని హుచితాన్‌లో
సబ్బుపెట్టెల అట్టలు కత్తిరించి
యాభై నాలుగు ముక్కలు చేసిందామె.
సంతలో దొరికే లొతెరియా పెట్టెలో
కిరీటం ఉంది, నిచ్చెన ఉంది,
దయ్యమూ చావూ కూడా ఉన్నాయి,
నాన్నమ్మలు మాట్లాడే మాట ఒక్కటీ లేదు.
అందుకని ఈమె ముక్కల మీద
తాబేలు, కోడి, నీళ్ళకుండ,
ఎండకు తానే మొహం చిట్లించిన సూర్యుడు.
కింద జపోతెక్ మాట, లావు అక్షరాల్లో.
స్పానిష్ కోసం వెతక్కండి, లేదు.

పిల్లలకు తలా ఒక గళ్ళ అట్ట,
గుప్పెడు మొక్కజొన్న గింజలు.
"బిగూ!" అంటే
తాబేలున్నవాళ్ళు గింజ పెట్టాలి.
"బెరే!" అంటే
కోడి మీద పెట్టాల్సిన గింజను
ఐదేళ్ళ ఉబాల్దో నోట్లో వేసుకుంటాడు.

వాడింట్లో టీవీ స్పానిష్, అమ్మ స్పానిష్.
కోపమొచ్చినప్పుడు నాన్నమ్మ ఫ్లోరిందా మాత్రం
జపోతెక్‌లోనే.
తిట్లు బాగా వచ్చు వాడికి.
టీచరు తిట్లకు ముక్కలు చేయలేదు.

ఒకరోజు "బెంద" అంది. చేప.
వాడు పాము మీద పెట్టాడు గింజ.
పాము బేంద.
ఒక దీర్ఘం, చివర గొంతులో
వెక్కిలి ఆపుకున్నంత విరుపు,
అంతే తేడా.
పిల్లలు పడీ పడీ నవ్వారు.
"మీ నాన్నమ్మ వండేది ఏదిరా?" అంది టీచరు.
వాడు ఆలోచించి
గింజను పక్కగడిలోకి జరిపాడు.
తర్వాత రెండు బొమ్మల కిందా వేలుపెట్టి చూసి
తనే తేల్చాడు:
పాము పొడుగు కాబట్టి దానికో అక్షరం ఎక్కువ,
చివరున్న చిన్న గీత
దాని నాలుక.
టీచరు కాదనలేదు.

నవంబరులో ఉత్తరపు గాలి
ఆట మధ్యలో వచ్చి
చేతికందిన ముక్కలన్నీ ఎత్తుకుపోయింది.
మురిక్కాలువలోకి, ఆటోల కిందికి,
తొతోపో రొట్టెలమ్మే ముసలావిడ బుట్టలోకి.
పిల్లలు వెంటపడ్డారు,
దొరికినదాన్ని దొరికినట్టు అరుస్తూ:
"నిసా!" "గుబిజా!" "బెయూ!"
చంద్రుణ్ణి అలా పలకరని
రొట్టెలావిడ మూడుసార్లు దిద్ది
అప్పుడిచ్చింది ముక్క.

లెక్కపెడితే యాభై మూడు.
పోయినదేదో ఎవరికీ తట్టలేదు.
కొత్త అట్ట కత్తిరించి టీచరు అడిగింది,
"దీని మీద ఏం వేద్దాం?"
"పట్టుకుపోయినదాన్నే," అన్నాడు ఉబాల్దో.

వంగిన చెట్టు వేశాడు.
అది చెట్టేగా అన్నారు.
దండెం మీద ఎగిరే చొక్కా వేశాడు.
చొక్కా అన్నారు.
రబ్బరు పెట్టి చెరిపాడు, మళ్ళీ చెరిపాడు,
అట్ట గరుకెక్కింది.
ఆ గరుకు మీద
పొట్టున్న కర్ర ఒకటి,
నెత్తిన చుక్కున్న కర్ర ఒకటి
పక్కపక్కన నిలబెట్టాడు.
బి.
గాలి.

అందరి అట్టల్లోనూ ఒక గడి చెరిపి
ఆ రెండు కర్రలే పాతారు.
ఇప్పుడా ముక్క వస్తే టీచరు పిలవదు,
ఊరికే ఎత్తి చూపిస్తుంది.
పిల్లలు చూస్తారు.
సాయానికి తాబేలు లేదు, కోడి లేదు.
పెదాలు కలుస్తాయి, విడిపోతాయి,
వసారాలో కాస్త గాలి.

అందరూ ఒక్క గింజే పెడతారు.
ఉబాల్దో మాత్రం ఆ గడి మీద
రెండు పెడతాడు,
ఎగిరిపోకుండా.